పై క్యాంపు

మా ఆయన వెంకటరాఘవయ్యగారికి లోకంలో పట్టింపులు రెండే. ఒకటి వ్యాకరణం, రెండోది నీళ్ళు. వ్యాకరణం సంగతి బళ్ళో పిల్లలు పడతారు. నీళ్ళ సంగతి నా ప్రాణానికి వచ్చింది. తడిబట్టతో తను స్వయంగా తోడుకున్న నూతి నీళ్ళో, పారే ఏటి నీళ్ళో అయితేనే ఆయన గొంతు దిగుతాయి. పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా చేతిలో చెంబూ చేంతాడూ ఉండాల్సిందే. అలాగని నువ్వూ ఇలాగే ఉండు అని ఇంకొకర్ని ఒక్క మాట అనే మనిషి కాదు. కోప్పడే మనిషైతే మనమూ నాలుగు అని కడుపులో బరువు దింపుకోవచ్చు. ఆయన కోప్పడరు. మా ఇంట్లో కోపమంతా నా వాటాకే వచ్చింది.

నేను పుట్టింది కొండ మీద. ఇప్పుడు మధ్యప్రదేశ్ అంటున్నారు, అప్పట్లో వేరే పేరు. నాగపూరు దాటి, రెండు రైళ్ళు మారి వెళ్ళే అడవిలో మా నాన్న అటవీశాఖ గుమాస్తా. అడవి మధ్యలో ఒక కొండ, కొండ నెత్తిన ఆఫీసు, ఆఫీసుకి కాస్త దూరంలో మా ఇల్లు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. పదేళ్ళు వచ్చేదాకా నాన్నే వండిపెట్టి, నాన్నే జడవేసి పెంచాడు. ఆడపిల్ల అడవిలో పెరిగితే ఎవరు చేసుకుంటారని కాకుమాను నుంచి మా మామ్మ కబురు మీద కబురు పెడితే, తీసుకొచ్చి దింపాడు. "ఎండాకాలం వచ్చి తీసుకెళ్తానే" అన్నాడు. ఆ ఎండాకాలం రాకముందే జ్వరం తగిలి అక్కడే పోయాడు. నన్నెవరూ తీసుకెళ్ళలేదు. అక్కడితో సరి.

కాకుమాను వచ్చిన కొత్తలోనే మామ్మ దగ్గర నోరు జారాను. అక్కడ నీళ్ళెలాగే అని ఆవిడ అడిగింది. కింద ఏట్లోంచి తోలు తిత్తుల్లో నింపి, దున్నపోతు వీపున వేసి పైకి తెస్తారని, కాస్త తోలు వాసన వేస్తాయని, వేసవిలో భలే చల్లగా ఉంటాయని ముచ్చటగా చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది. నన్ను నూతి గట్టున కూర్చోబెట్టి బిందెల కొద్దీ నెత్తిన గుమ్మరించి, పంచగవ్యం తాగించి, "ఈ మాట ఇంకెక్కడన్నా అన్నావంటే నీకు పెళ్ళి కాదు" అంది. మా నాన్న నాకు పోసిన నీళ్ళు అంత పాడు నీళ్ళా అని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రోజు మూసిన నోరు మళ్ళీ తెరవలేదు. పెళ్ళయ్యాక ఆయన దగ్గర కూడా కొండ మాట ఎత్తలేదు. కొండ మాట వస్తే నీళ్ళ మాట వస్తుంది. ఉత్తరాదిన ఎక్కడో పుట్టింది అని మాత్రం ఆయనకి తెలుసు.

నోరు మూసుకున్నంత తేలిగ్గా మనసు మూసుకోదు కదా. ఈ సీమ అంతా చాప పరిచినట్టు ఉంటుంది. ఎక్కడ నిలబడ్డా చూపు తిన్నగా పోయి వరిచేలో పడుతుంది. ఆయనకి బాపట్లలో ఉద్యోగం అయినప్పుడు సూర్యలంక పోయి ఇసుక దిబ్బలెక్కేదాన్ని. ఎక్కుతుంటే కాళ్ళ కింద జారిపోయేవి. రేపల్లె బదిలీ అయితే కృష్ణ కరకట్ట ఎక్కాను. ఆ ఎత్తుకి ఆయాసం కూడా రాలేదు. తెనాలి వచ్చాక స్టేషన్లో పట్టాల మీదుగా కట్టిన వంతెన ఒకటి దొరికింది. కూరలకని సంచీ పట్టుకుని వెళ్ళి, ఆ మెట్లెక్కి, పైన కాసేపు నిలబడి దిగి వచ్చేదాన్ని. ఒకరోజు కూరలు కొనడం మర్చిపోయి ఖాళీ సంచీతో ఇంటికొచ్చాను. ఆయన ఎందుకని అడగలేదు. ఆవకాయ వేసుకుని, మజ్జిగ పోసుకుని తిని లేచారు. అడగని మొగుడితో ఎలా చెప్పుకుంటాం?

అరవై ఏడులో కార్తీకం వెళ్ళాక ఒక ఆదివారం గోపాలకృష్ణ వచ్చాడు. ఆయన పాత శిష్యుడు, బాపట్ల వ్యవసాయ కాలేజీలో లెక్చరరు. చెట్లన్నా జంతువులన్నా పడిచస్తాడు. వెంట భార్య ప్రమీలారాణి కూడా వచ్చింది. రేపల్లె వైపు కమతాలున్న వాళ్ళ పిల్ల, కలుపుగోలు మనిషి. నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, నేను మడి కట్టుకుని ఉన్నానని అక్కడే ఆగి కబుర్లు చెబుతుంది.

"మాష్టారూ, క్రిస్మస్ సెలవులకి అడవి చూడ్డానికి పోతున్నామండి. అక్కడ మాట్లాడుకున్న జీపులో ఇంకో ఇద్దరికి చోటుంది. మీరూ పిన్నిగారూ రావాలి" అన్నాడు గోపాలకృష్ణ.

ఏ అడవోయ్ అని ఈయన అడిగారు. అతను పేరు చెప్పాడు. వంటింట్లో నా పోపు మాడిపోయింది.

"ఇప్పుడది నేషనల్ పార్కు అయిందండి. లోపల గుడారాలు వేసి ఉంచుతారు. రెండు క్యాంపులున్నాయి, ఏది కావాలో మనం ముందే రాయాలి. కింది క్యాంపు ఏటి ఒడ్డున. పారే నీళ్ళు, వంటకి పాక, సాయంత్రమైతే ఏటికొచ్చే దుప్పులు. పై క్యాంపు కొండ మీద, పాత ఫారెస్టు ఆఫీసు పక్కన. పొద్దున్నే అక్కణ్ణుంచి చూస్తే అడవంతా కనిపిస్తుందట. కాకపోతే చలి ఎక్కువ, నీళ్ళుండవు. కింద నుంచి మోసుకు రావాల్సిందే."

"నాకు పైకే పోవాలనుంది. కానీ బాబాయిగారికి నీళ్ళ ఇబ్బంది కదా" అంది ప్రమీల. అని నా వైపు తిరిగి, "మీరేమంటారు పిన్నిగారూ?" అంది.

"నన్నడిగేదేంటమ్మా? ఆయన ఇష్టం" అన్నాను.

నా మొహం, ఆ మాట ఎందుకన్నానో. పాతికేళ్ళు కడుపులో పెట్టుకున్నది గుమ్మం దాకా వచ్చి అడిగితే ఆయన ఇష్టం అంటాను. ఆయన "ఏరుంటే మంచిదే కదోయ్. సంధ్య వార్చుకోవడానికి హాయిగా ఉంటుంది" అన్నారు. కింది క్యాంపు ఖాయం అయిపోయింది.

ఆ వారం మా ఇంట్లో గిన్నెలకి విశ్రాంతి లేదు. దేన్నీ మెల్లిగా కింద పెట్టబుద్ధి కాలేదు. అంత దూరం పోయి, కొండ కింద కూర్చుని, ఏట్లో కాళ్ళు పెట్టుకుని తిరిగి రావడమా? అంతకంటే పోకపోవడమే నయం. పోనని అనడానికీ నోరు రాలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర పప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద తినలేదు.

"కామేశ్వరీ, ఉప్పు రెండుసార్లు వేశావు. నీకు ఆ ప్రయాణం ఇష్టం లేదా?" అన్నారు.

"ఇష్టం లేకేం."

"మరి?"

గరిట కింద పెట్టేశాను. "నేను పుట్టిన ఇల్లు ఆ కొండ మీద ఉందండి" అన్నాను. ఇక ఆగలేదు. నాన్న, జడ, ఎండాకాలం వచ్చి తీసుకెళ్తానన్న మాట, మామ్మ తాగించిన పంచగవ్యం అన్నీ చెప్పేశాను. "పైన మోసుకొచ్చేది తోలు తిత్తుల్లోనండి. నేను పదేళ్ళు ఆ నీళ్ళే తాగాను. ఇప్పుడు మీరేమంటారో అనండి" అన్నాను. విస్తరి ముందు నుంచి లేచిపోతారనే అనుకున్నాను.

ఆయన లేవలేదు. "మీ నాన్నగారు ఒక్కరే అడవిలో ఆడపిల్లని పెంచారా? ఎంత కష్టపడి ఉంటారో" అన్నారు. అని, మజ్జిగ పోయమన్నారు.

మర్నాడు బడికి సెలవు పెట్టి బాపట్ల బండెక్కారు. జ్వరమొచ్చినా బడి మానని మనిషి. గోపాలకృష్ణతో పై క్యాంపే రాయమని చెప్పి రాత్రికి తిరిగొచ్చారు. "ఒక్క రాత్రే కదా. ఏట్లో మన బిందెలు నింపుకుని జీపులో పైకి తీసుకుపోదాం. అంతోటి దానికి నువ్వు ఇన్నాళ్ళు గిన్నెలు విసిరావు" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బెజవాడలో మెయిలెక్కాం. దారంతా ఆయన అటుకులూ అరటిపళ్ళూ తప్ప ఇంకేమీ ముట్టలేదు. తెనాలి నూతి నీళ్ళు నాగపూరు రాకుండానే అయిపోయాయి. తర్వాత ఎక్కడ బండి ఆగితే అక్కడ దిగి నుయ్యి వెతుక్కున్నారు. దొరికిన చోట తాగారు, దొరకని చోట మానుకున్నారు. ప్రమీల నా చెవిలో "బాబాయిగారు చిక్కిపోతున్నారండి" అంది. "ఆయనకది అలవాటేలే" అన్నాను. అడవి దగ్గరయ్యే కొద్దీ నాకు ఇంకేమీ కనిపించలేదు, నిజం చెప్పాలంటే.

చిన్న రైలు దిగి జీపెక్కి మధ్యాహ్నం మూడు దాటాక ఏటి దగ్గరికి చేరాం. వణికించే నీళ్ళలో ఆయన మునిగి, తడిబట్టతోనే రెండు ఇత్తడి బిందెలు నింపి, మూతుల మీద గుడ్డ కట్టి, జీపు వెనక ఎక్కించారు. ఎవరూ తాకొద్దని డ్రైవరుకి సైగలు చేసి చెప్పారు. అతను ఆ ప్రాంతం వాడు. అన్నిటికీ తల ఊపాడు.

జీపు కొండ దారి పట్టింది. అది ముక్కు పైకెత్తగానే నా వీపు దానంతటది వెనక్కి ఒరిగింది. నా వీపు అలా ఒరిగి ముప్పై ఏళ్ళయింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఏడుస్తున్నానని ప్రమీల చూసి, చూడనట్టు పక్కకి తిరిగింది.

సగం కొండ ఎక్కాక బండి ముందు నుంచి బుసబుసా ఆవిరి వచ్చింది. డ్రైవరు ఆపి బానెట్ ఎత్తాడు. గోపాలకృష్ణా ప్రమీలా ఏదో పిట్ట కూసిందని చెట్ల వైపు పోయారు. ఆయనా నేనూ రోడ్డు పక్కన రాతి మీద కూర్చున్నాం. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ మహానుభావుడు ఒక బిందె గుడ్డ విప్పి, నీళ్ళు మొత్తం రేడియేటర్లో పోస్తున్నాడు. పోసి, రెండో బిందెలో చెయ్యి ముంచి మొహం కడుక్కుని, దోసిలితో తాగి, మమ్మల్ని చూసి నవ్వాడు.

ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి తిట్టాను. ఎప్పుడో మర్చిపోయాననుకున్న అక్కడి భాష నోట్లోంచి ఊడిపడింది. కానీ నాకు వచ్చిన తిట్లన్నీ పదేళ్ళ పిల్ల తిట్లే. నడివయసు ఆవిడ నిలబడి నీ గోచీ కోతి ఎత్తుకుపోను అంటుంటే, అతను బిత్తరపోయి, తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు.

"పోనీలే కామేశ్వరీ. బండి నడవాలి కదా. అతనికేం తెలుసు?" అన్నారు ఈయన.

"వెనక్కి పోయి మళ్ళీ నింపుకొద్దాం మాష్టారూ" అన్నాడు పరిగెత్తుకొచ్చిన గోపాలకృష్ణ. పొద్దు వాలితే పై గేటు మూసేస్తారని డ్రైవరు చెప్పాడు. పర్మిషను ఆ ఒక్క రాత్రికే.

"ఎందుకోయ్? రేపు మధ్యాహ్నానికి దిగుతాంగా. ఒక పూట ఉపవాసం ఉంటే నేనేం కరిగిపోను" అన్నారు ఆయన. నేను కిందికి పోదామని అనలేదు. ఆ బిందెల్ని చూస్తూ కూర్చున్నానే గాని, ఆ మాట నా నోట రాలేదు. పైన మా ఇల్లుంది మరి.

పైకి చేరేసరికి చీకటి పడుతోంది. చదునుగా ఉన్న చోట రెండు గుడారాలు, ఆ పక్కన ఆఫీసు. అదే ఆఫీసు. రేకులు మార్చారు, గోడలు అవే. ముసలి గార్డు ఒకడు లాంతరు పట్టుకుని వచ్చాడు. ఇల్లు అటే అని నేను చెట్లలోకి నడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు పోకూడదమ్మా, జంతువులు తిరుగుతాయి. ఈ దారిన పోయి ఆ మలుపు తిరిగితే పాత క్వార్టర్సు. తెల్లారాక నేనే తీసుకుపోతాను" అన్నాడు. ఇల్లు ఉందా పడిపోయిందా అని అడగబోయి మానుకున్నాను. తెల్లారితే నా కళ్ళతో నేనే చూస్తాను, ఇతని నోటి నుంచి వినడం దేనికి?

గార్డు కర్రకి వేలాడదీసిన తిత్తిలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి ఇచ్చాడు. ఆ వాసన ముక్కుకి తగిలింది. నాన్న నా పక్కన నిలబడ్డట్టే అనిపించింది. గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఈయన వైపు చూశాను.

"తాగు. నువ్వు తాగితే తప్పేంటి?" అన్నారు.

వద్దని ఉంటే పంతానికైనా తాగేదాన్ని. తాగమన్నాక ఎండిన ఆయన పెదాలు చూస్తూ ఎలా తాగను? గ్లాసు పక్కన పెట్టేశాను.

తెల్లవారేసరికి కొండ కింద అడవంతా మంచు. ఆయన తూర్పుకి తిరిగి కూర్చుని సంధ్య వారుస్తున్నారు. నీళ్ళు లేవు. ఖాళీ దోసిలి ఎత్తి, ఖాళీగానే వదులుతున్నారు. వేళ్ళు వణుకుతున్నాయి. చలికేమో అనుకున్నాను. అలా అనుకోవాలని అనుకున్నాను. గోపాలకృష్ణా ప్రమీలా అప్పటికే డ్రైవరు చూపించిన దారిన, కొండకి రెండో వైపు ఉన్న అడవిలో దుప్పుల్ని చూడ్డానికి పోయారు. గార్డు వచ్చి నిలబడ్డాడు.

"మీరూ రండి" అన్నాను.

"నువ్వు పద. నేనిక్కణ్ణుంచి చూస్తూ ఉంటాను. మీ ఇంటికి మొదట నువ్వొక్కదానివే పోవాలి" అన్నారు.

నడిచాను. మొదట గార్డు ముందు, నేను వెనక. కాసేపటికి నేను ముందు, అతను వెనక. నా కాళ్ళకి ఆ దారి తెలుసు. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ వంగి పోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మలుపు దగ్గరికొచ్చాను. ఇంకో పది అడుగులు వేస్తే కనిపిస్తుంది. ఆయన చూస్తూ ఉంటానన్నారు కదా, ఒకసారి ఆయన్ని చూసి తిరుగుదామని వెనక్కి తిరిగాను.

ఆయన గుడారం తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. చెయ్యెత్తబోయారు. ఎత్తలేకపోయారు. తాడు పట్టుకునే మెల్లిగా కిందికి జారి, పక్కకి ఒరిగిపోయారు.

పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. దగ్గరికి పోయేసరికి కళ్ళు తేలిపోయి ఉన్నాయి, ఒళ్ళు చల్లగా ఉంది. గట్టిగా కుదిపి పిలిస్తే కళ్ళు నిలిపి చూశారు. గార్డు తిత్తి నీళ్ళు తెచ్చాడు. ఆ నీళ్ళు ఆయన నోట్లో పోసే ధైర్యం నాకు లేకపోయింది. కాసిని మొహం మీద చల్లాను.

"అప్పుడే వచ్చావేం?" అన్నారు. మాట పీలగా ఉంది.

"చూశాను. పదండి, కిందికి పోదాం."

"అప్పుడే చూశావా?"

"ఇల్లు చూడ్డానికి ఎంతసేపు పడుతుందండీ? లేవండి."

చూడలేదంటే ఆయన దిగరు. నేను చూసి వచ్చేదాకా ప్రాణాలు పోయినా అక్కడే కూర్చుంటారు. ఆ మొండితనం నాకు తెలుసు. నా కోపం లోకానికి కనిపిస్తుంది గాని, ఆయన మొండితనం నాకొక్కదానికే తెలుసు. గార్డు నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. పాత బాకీ ఏదో తీర్చుకుంటున్నట్టు డ్రైవరు ఆయన్ని చిన్నపిల్లాడిలా ఎత్తి జీపులో కూర్చోబెట్టాడు. దిగే దారంతా నేను వెనక్కి చూడలేదు. చూస్తే దూకేసేదాన్ని.

ఏట్లో మోకాలి లోతు దిగి, దోసిళ్ళతో తాగారు. తాగి తాగి ఒడ్డున కూర్చున్నారు. మెల్లిగా మొహంలోకి రక్తం వచ్చింది.

"ఎలా ఉంది ఇల్లు?" అన్నారు.

నీళ్ళ వైపు చూస్తూ చెప్పాను. "అలాగే ఉందండి. వరండా ఉంది, మెట్లున్నాయి. పెరట్లో ఉసిరిచెట్టు బాగా ఎత్తు ఎదిగింది."

"ఎవరన్నా ఉంటున్నారా?"

"ఎవరో ఉంటున్నారు. ముగ్గేసి ఉంది." ఆ దేశంలో మనలా ముగ్గెవరు వేస్తారు? నోటికొచ్చింది అనేశాను. ఆయన కళ్ళు మూసుకుని వింటూ, బాగుంది బాగుంది అన్నారు.

పైనున్న ప్రమీలా వాళ్ళని తీసుకురావడానికి జీపు మళ్ళీ బయల్దేరింది. మధ్యాహ్నం దాకా పైకి పర్మిషను ఉంది. ఎక్కి కూర్చుంటే చాలు. ఆయన కులాసాగానే ఉన్నారు, పక్కన నీళ్ళున్నాయి. కానీ ఎందుకు మళ్ళీ అంటే ఏం చెప్పను? ఖాళీ జీపు చెట్లలో కలిసిపోయేదాకా నిలబడి చూశాను.

తెనాలి వచ్చాక ఆయనకి ఇదొక పనైంది. ఇంటికెవరొచ్చినా, "మా ఆవిడ పుట్టిన ఇల్లు చూసొచ్చామండి" అని మొదలుపెట్టేవారు. వరండా, మెట్లు, ఉసిరిచెట్టు, ముగ్గు. ఏటేటా కొంచెం పెరుగుతూ వచ్చింది. మెట్ల మీద ఎండ ఎటు పడుతుందో, వరండాలో నాన్న కుర్చీ ఎక్కడ వేసుకునేవాడో కూడా చేరాయి. అవి నేనే చెప్పాను. రాత్రిపూట ఆయన అడిగేవారు, నాకు గుర్తున్నవన్నీ చూసినట్టుగా చెప్పేదాన్ని. నాన్న కుర్చీ గురించి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆయన ముందు గదిలో చెబుతుంటే వంటింట్లో స్టవ్ తగ్గించి వినేదాన్ని. ఒక్కోసారి మనసు నిండేది. ఒక్కోసారి అంత అబద్ధాన్ని ఆయన అంత నమ్మకంగా చెబుతుంటే నామీద నాకే అసహ్యం వేసేది. మళ్ళీ తీసుకెళ్ళండి అనడానికి దారి లేదు. చూసేశాను కదా.

ఆయన రిటైరైన సంవత్సరం, డెబ్భై అయిదులో, గోపాలకృష్ణ వచ్చాడు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నేనూ ముందు గదిలోనే కూర్చున్నాను. అవీ ఇవీ మాట్లాడాక, "మాష్టారూ, మనం పోయిన అడవిలో పై క్యాంపు ఎత్తేశారండి" అన్నాడు. "జంతువులకి ఇబ్బందని కొండ మీద ఎవర్నీ ఉండనివ్వడం లేదట. ఇక కింది క్యాంపు ఒక్కటే."

"చూడ్డానికి పోనిస్తారుగా?" అన్నారు ఈయన.

"లేదండి. దారే మూసేశారట. మనలాంటివాళ్ళు ఇక పైకి పోయేది లేదు."

ఆయన చేతిలో ఉన్న కళ్ళజోడు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. నా వైపు తిరిగారు.

"అయితే నువ్వా మలుపు దాటేదెప్పుడు కామేశ్వరీ?" అన్నారు.

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. గోపాలకృష్ణ ఏమీ అర్థం కాక ఇద్దరినీ చూశాడు.

"మీకు తెలుసా?" అన్నాను.

"చూస్తూ ఉంటానన్నానుగా. మలుపు దగ్గర నువ్వు వెనక్కి తిరగడం చూశాను. కళ్ళు తెరిచేసరికి నా పక్కన ఉన్నావు."

"తెలిసీ కిందికి దిగారా?"

"నీ మొహం చూసి దిగాను. ఆ రోజు నేను మొండికేస్తే నువ్వు బతికేదానివి కాదు, అంత భయపడి ఉన్నావు."

"మరి ఊళ్ళో అందరికీ చూశాం చూశాం అని ఎందుకు చెప్పారండీ ఇన్నేళ్ళూ?" అన్నాను.

"చెప్పగా చెప్పగా నీకు చూసినట్టే అనిపిస్తుందేమోనని" అన్నారు. "రిటైరయ్యాక మళ్ళీ పోదామనుకున్నాను. ఈసారి ఆ తిత్తి నీళ్ళే తాగి, నీతోపాటు నడిచి రావాలనుకున్నాను. ఆలస్యం చేశాను."

నాకు కోపం రాలేదు. గోపాలకృష్ణ ఎదురుగా ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా చిక్కుడుకాయల చేటలో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఆ ఇల్లు చూడాలని అంతకు ముందెప్పుడూ అంతగా అనిపించలేదు. ఈయన్ని తీసుకెళ్ళి ఆ మెట్ల మీద నా పక్కన కూర్చోబెట్టుకుంటే చాలుననిపించింది.